కుదిరిన బట్టే నప్పుతుంది

కిందటి దసరాకు ముందు మా అక్కకు కుర్తీలు కొనడానికి ఒక పెద్ద బట్టల దుకాణానికి వెళ్ళాం. లోపల అడుగుపెట్టామో లేదో, అక్కడి అమ్మాయి అక్కను పైనుంచి కిందికి ఒకసారి చూసి, మేము అడగకముందే "మీ సైజు దొరకడం కష్టం మేడమ్" అంది. అక్క ఏమీ అనలేదు. వెతికి వెతికి, ట్రిపుల్ ఎక్స్‌ఎల్ అని చీటీ ఉన్న నీలం కుర్తీ ఒకటి తీసుకుని ట్రయల్ రూములోకి వెళ్ళింది. కాసేపటికి తలుపు ఓరగా తెరిచి నన్ను పిలిచింది. ఛాతీ దగ్గర సరిపోయింది. కానీ భుజం కుట్టు భుజం దాటి రెండు వేళ్ళ కిందికి దిగింది. మెడ వెడల్పై బ్రా పట్టీ బయటికి వస్తోంది. చేతులు మణికట్టు దాటి అరచేతి మీదికి వచ్చాయి, అయినా జబ్బల దగ్గర మాత్రం పట్టేస్తున్నాయి. అక్క అద్దంలోకి చూస్తూ "ఏ బట్టా నా ఒంటికి నప్పదు" అంది.

ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది, ఎందుకంటే అది నిజం కాదు. లోపం అక్క ఒంట్లో లేదు, ఆ కుర్తీ కోతలో ఉంది. బట్టల గురించి మనకు రెండు చక్కటి మాటలున్నాయి: కుదరడం, నప్పడం. కుదరడం కొలతకు సంబంధించిన సంగతి, నప్పడం చూపుకు సంబంధించిన సంగతి. లావుగా ఉన్న ఆడవాళ్ళకు పత్రికలూ వీడియోలూ చుట్టాలూ చెప్పే సలహాలన్నీ రెండో మాట చుట్టూనే తిరుగుతాయి. నలుపు వేసుకో, నిలువు చారలు వేసుకో, పెద్ద పువ్వులు వద్దు, జార్జెట్ కట్టుకో. మొదటి మాటను ఎవరూ పట్టించుకోరు. ఏళ్ళ తరబడి నాకూ ఇంట్లోవాళ్ళకూ బట్టలు కుట్టుకుంటూ నేను గమనించింది ఇది: కుదరని బట్ట ఎంత మంచి రంగులో ఉన్నా నప్పదు, కుదిరిన బట్ట ఏ రంగులో ఉన్నా చాలావరకు నప్పుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం కుదరడం గురించే రాస్తున్నాను. లావు అనే మాటను కూడా దాపరికం లేకుండా వాడుతున్నాను. పొడుగు, పొట్టి లాగే అదీ ఒక కొలత మాట.

సైజు పెరిగితే ఏమేమి పెరుగుతాయి

రెడీమేడ్ బట్టలు తయారుచేసేవాళ్ళు ప్రతి సైజుకూ విడిగా ఒక మనిషిని నిలబెట్టి కొలతలు తీయరు. మధ్యరకం సైజు ఒకటి ఎంచుకుని, దానికి కాగితం మీద నమూనా గీసి, మనిషికి తొడిగి సరిచూస్తారు. మిగతా సైజులన్నీ ఆ నమూనాను లెక్క ప్రకారం పెంచీ తగ్గించీ తీసినవే. ఆ పరిశ్రమలో దీన్ని గ్రేడింగ్ అంటారు. ఒక సైజు ఎక్కితే ఛాతీ చుట్టుకొలత సాధారణంగా రెండు అంగుళాలు పెరుగుతుంది. దానితో పాటు భుజం, మెడ, చేతి పొడవు, చంక లోతు కూడా కొంచెం కొంచెం పెరుగుతాయి. ఒకటి రెండు సైజుల దాకా ఇబ్బంది ఉండదు. నాలుగైదు సైజులు ఎక్కేసరికి ఆ కొంచెం కొంచెం పోగుపడి మా అక్క వేసుకున్న కుర్తీ అవుతుంది.

మనిషి ఒళ్ళు అలా పెరగదు. పాతికేళ్ళప్పుడు 58 కిలోలున్న ఆమె నలభై ఐదేళ్ళకు 85 కిలోలైతే ఆమె భుజపు ఎముక వెడల్పు మారలేదు. చేతి పొడవు మారలేదు. మెడ వెనుక ఎముక నుంచి నడుము దాకా ఉండే పొడవు దాదాపు అంతే ఉంది. మారింది కండా కొవ్వూ ఉన్న చోట్లు: ఛాతీ, జబ్బలు, పొట్ట, పిరుదులు, తొడలు. అవి కూడా అందరికీ ఒకే తీరుగా మారవు. ఒకరికి పొట్ట ముందుకు వస్తుంది, మరొకరికి పిరుదులు పెరుగుతాయి, ఇంకొకరికి వీపు దళసరిగా మారుతుంది. గ్రేడింగ్ మాత్రం ఎముకనూ కండనూ వేరు చేయకుండా అన్నిటినీ కలిపి పెంచుతుంది. సన్నగా ఉన్నవారిలో కొలతల తేడా అంగుళం, అర అంగుళం కాబట్టి ఆ లోపం బయటపడదు. లావుగా ఉన్నవారిలో తేడాలు పెద్దవి కాబట్టి అద్దం ముందు వెంటనే కనిపిస్తుంది.

ఇది ఎవరో కొద్దిమంది గొడవ కూడా కాదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే సూచిక) 25 గానీ అంతకు మించి గానీ ఉన్నవారు, అంటే అధిక బరువున్నవారు, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. దేశం మొత్తం మీద 24 శాతం. మన దగ్గర సుమారు ప్రతి ముగ్గురిలో ఒకరు ఈ లెక్కలోకి వస్తుంటే, వాళ్ళ సైజును దుకాణంలో వెనక అరలో పెట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మన బట్టల మీద ఉండే ఎస్, ఎం, ఎల్ గుర్తులకు మన ఒంటితో సంబంధం తక్కువ. అవి చాలావరకు అమెరికా, బ్రిటన్ పట్టికల నుంచి వచ్చి, కంపెనీ కంపెనీకీ మారుతూ ఉన్నవి. అమెరికాలో స్త్రీల కొలతల మీద మొదటి పెద్ద సర్వే 1939–40లో జరిగింది. సుమారు 15,000 మందిని కొలిచారు, తెల్లజాతి స్త్రీల కొలతలనే లెక్కలోకి తీసుకున్నారు. మన దేశానికి సొంత పట్టిక కావాలని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, అంటే నిఫ్ట్, ఇండియాసైజ్ అనే సర్వే చేపట్టింది. 15 నుంచి 65 ఏళ్ళ వయసున్న 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది లక్ష్యం. ఎంచుకున్న ఆరు నగరాలలో హైదరాబాదు ఒకటి. మంచి పట్టిక దుకాణాలకు చేరేదాకా చీటీ మీది అంకెను నమ్మకుండా ఇంట్లో టేపుతో కొలుచుకున్న అంకెనే నమ్మాలి.

ఆ కొలత కూడా నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి తీసుకోవాలి. లావుగా ఉన్నవారిలో కూర్చున్నప్పుడు పిరుదులు, పొట్ట చుట్టుకొలత రెండు మూడు అంగుళాలు సులువుగా పెరుగుతుంది. మనం ఆఫీసులో, బస్సులో, పెళ్ళి పీటల దగ్గర గంటల తరబడి కూర్చునే ఉంటాం. నిలబడిన కొలతకు కుట్టిన కుర్తీ ఫోటోలో బాగుంటుంది, భోజనాల బల్ల దగ్గర ఊపిరి ఆడనివ్వదు. పెద్ద కొలతకే కుట్టించుకోవాలి, రెడీమేడ్ కొన్నా దానికే చూసుకోవాలి.

ముడతలు చెప్పే సంగతి

ట్రయల్ రూములో పొట్టను లోపలికి పీల్చి నిలబడకండి. మామూలుగా ఊపిరి తీసుకుంటూ నిలబడి, గుడ్డ మీద ముడతలు ఎటు పోతున్నాయో చూడండి. కుట్టుపని తెలిసినవారు మొదట చూసేది ఇదే.

ముడత అడ్డంగా సాగి ఉందంటే అక్కడ గుడ్డ చాలలేదని అర్థం. పొట్ట మీద, పిరుదుల మీద, జబ్బల మీద ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. నిలువుగా మడతలు పడి వేలాడుతుంటే అక్కడ గుడ్డ ఎక్కువైంది. ఛాతీ మీదికి గురిపెట్టినట్టు ఏటవాలుగా ముడతలు పోతున్నాయంటే డాట్లు, అంటే ఒంపు కోసం గుడ్డను మొనగా మడిచి వేసే కుట్లు, చాలలేదు. కుర్తీ కింది అంచు వెనక కిందికీ ముందు పైకీ ఉంటే, ఛాతీ, పొట్టల ఎత్తుకు ముందు భాగంలో పొడవు తగ్గిందన్నమాట. ఈ చివరిదాన్ని చాలామంది గమనించరు. ఎత్తుగా ఉన్న ఛాతీకి వెడల్పు ఒక్కటే పెంచితే సరిపోదు, ఆ ఎత్తు ఎక్కి దిగడానికి గుడ్డకు పొడవు కూడా కావాలి.

ఇవన్నీ చూశాక భుజం చూడాలి. భుజం కుట్టు ఎముక చివర ఆగిందా లేదా? నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇదే. బట్ట వేలాడేది భుజం మీది నుంచి. అక్కడ కుట్టు సరిగ్గా నిలిస్తే ఛాతీ కింద ఎంత వదులున్నా మనిషి నిటారుగా, తీరుగా కనిపిస్తుంది. భుజం జారితే ఎంత ఖరీదైన కుర్తీ అయినా ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నట్టు ఉంటుంది. "లావుగా ఉన్నావు కదా, వదులుగా వేసుకో" అనే సలహా చెడగొట్టేది ఇక్కడే. వదులు ఉండాల్సింది కండ ఉన్న చోట. ఎముక ఉన్న చోట బట్ట నిలవాలి. కుర్తీకి ఛాతీ దగ్గర మూడు నాలుగు అంగుళాల వదులు చాలు. అంతకు మించితే సౌఖ్యం పెరగదు, గుడ్డ బరువు మాత్రమే పెరుగుతుంది.

రెడీమేడ్‌లో రెండూ కలిసి రావడం అరుదు. అలాంటప్పుడు ఛాతీకీ పిరుదులకీ సరిపోయే సైజు కొని, భుజాన్ని టైలరు దగ్గర తగ్గించుకోవడమే దారి. చేతులు విప్పి, భుజం దగ్గర ఎక్కువైన గుడ్డ కోసి, మళ్ళీ అతకాలి. కొంచెం పనే, కానీ అయ్యే పని. భుజానికి సరిపోయేది కొని ఛాతీ దగ్గర పెంచమంటే ఆ గుడ్డ ఎక్కడి నుంచీ రాదు. కుర్తీ పక్క చీలికలు ఎక్కడ మొదలవుతున్నాయో కూడా చూడండి. పిరుదుల్లో అన్నిటికన్నా వెడల్పైన చోటుకు కింద మొదలైతే గుడ్డ అక్కడే ఇరుక్కుని పైకి ఎగబాకుతుంది. చీలికను రెండు అంగుళాలు పైకి పెంచితే అదే కుర్తీ తిన్నగా జారుతుంది.

ఆది జాకెట్టు చేసే చెరుపు

ఇక జాకెట్టు. మన ఆడవాళ్ళ ఒంటిమీద బట్టలన్నిటిలోకీ అతి దగ్గరగా అంటిపెట్టుకునేది ఇదే కాబట్టి కాస్త నిలబడి మాట్లాడుకోవాలి.

మనం టైలరు దగ్గరికి వెళ్ళి చేసే మొదటి పని, ఆది జాకెట్టు ఇచ్చి "దీనిలాగే కుట్టండి" అనడం. ఆ ఆది రెండేళ్ళ కిందటిది. దాన్ని కుట్టింది అంతకు ముందటి ఆది చూసి. అందులో చంక దగ్గర పట్టేసిన సంగతి, హుక్కుల మధ్య సందు పడే సంగతి, అన్నీ అలాగే కొత్త జాకెట్టులోకి దిగుతాయి. పైగా ఉతికిన నూలు కొంత కుంచించుకుని ఉంటుంది. ఒళ్ళు మారిన ప్రతిసారీ, ఏడాదికి ఒకసారైనా, కొత్తగా కొలతలు ఇవ్వాలి. చీర మీద వేసుకునే బ్రాతోనే ఆ కొలతలు ఇవ్వాలి. బ్రా మారితే ఛాతీ ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే డాటు మొన పడాల్సిన చోటు మారుతుంది.

ఇద్దరు స్త్రీల ఛాతీ కొలత 42 అనుకుందాం. ఒకామెకు వీపు వెడల్పు, రొమ్ములు చిన్నవి. ఇంకొకామెకు వీపు సన్నం, రొమ్ములు పెద్దవి. టేపు ఇద్దరికీ ఒకే అంకె చూపిస్తుంది. ఆ అంకెను నాలుగు భాగాలు చేసి, ముందు రెండు, వెనక రెండు పంచితే మొదటి ఆమెకు వీపు పట్టేస్తుంది, రెండో ఆమెకు ముందు హుక్కులు సాగి వీపు మీద గుడ్డ ముడతలు పడుతుంది. అందుకని ఛాతీని రెండుచోట్ల కొలవాలి: చంకల కిందుగా, రొమ్ముల పైభాగాన ఒకసారి, నిండుగా ఉన్నచోట ఒకసారి. ఈ రెండిటి మధ్య తేడా ఎంత ఎక్కువుంటే డాటు అంత లోతుగా ఉండాలి. భుజం నుంచి చనుమొన దాకా పొడవు, రెండు మొనల మధ్య దూరం కూడా ఇవ్వాలి. చాలామంది అడగడానికి మొహమాటపడతారు, టైలర్లూ మొహమాటపడతారు. ఇంట్లోనే అక్క చేతో చెల్లి చేతో కొలిపించి కాగితం మీద రాసుకుని ఇస్తే ఆ ఇబ్బంది పోతుంది.

కోతల్లో క్రాస్ కట్ అనేది గుడ్డను ఏటవాలుగా పెట్టి కత్తిరించడం. నేతగుడ్డ పడుగు, పేకల దారిలో సాగదు, మూలవాటుగా సాగుతుంది. ఆ సాగే గుణం ఒంపుకు ఒదుగుతుంది. ప్రిన్సెస్ కట్‌లో డాట్లకు బదులు చంక నుంచో భుజం నుంచో కింది దాకా పొడవాటి కుట్టు వస్తుంది. నిండైన ఛాతీకి నేను దాన్నే మెచ్చుతాను. ఎక్కడ ఎంత కావాలంటే అంత సర్దుకోవడానికి ఆ కుట్టు పొడవునా వీలుంటుంది, తర్వాత పెంచుకోవడానికీ వీలుంటుంది.

చంక సంగతి వింటే ముందు తలకిందులుగా అనిపిస్తుంది. జబ్బలు లావైతే "చంక వదులు చేయండి" అంటాం, టైలరు చంకను కిందికి లోతుగా కోస్తాడు. ఆ జాకెట్టు వేసుకుని బస్సులో పైకమ్మీ పట్టుకుని చూడండి. చేతితో పాటు జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది, నడుము దగ్గర పట్టీ రొమ్ముల మీదికి ఎక్కుతుంది. చంక ఎంత కిందికి దిగితే చేయి అంతగా పక్కకుట్టుకు కట్టేసినట్టు అవుతుంది. చంక కోత ఒంటికి దగ్గరగా, పైకి ఉండాలి. పెంచాల్సింది చేతి గుడ్డ వెడల్పు, జబ్బ చుట్టూ ఒకటిన్నర, రెండు అంగుళాల వదులు ఉండేలా. పాతకాలపు జుబ్బాలకు చంక కింద చిన్న నలుచదరపు ముక్క అతికేవారు. చేయి ఎత్తినా చొక్కా కదలదు. ఆ ముక్క జాకెట్టుకు కూడా పనికొస్తుంది. మా అక్క జాకెట్లకు నేను అదే పెడుతున్నాను.

చేతి పొడవు గురించి ఒకే మాట. చేయి ఎక్కడ ఆగితే చూపు అక్కడ ఆగుతుంది. జబ్బలో అన్నిటికన్నా లావైన చోట ఆపకుండా మోచేతికి కాస్త పైనో, మోచేతి కిందో ఆపండి. జాకెట్టు పొడవును కూడా ఒక అంగుళం పెంచమని అడగండి. రొమ్ముల కిందే బిగించిన పట్టీ కండను రెండుగా చీల్చి చూపిస్తుంది, అంగుళం కిందికి దిగితే ఆ గీత మెత్తబడుతుంది. మా అమ్మ తరం జాకెట్లు ఇంత పొట్టిగా ఉండేవి కావు.

బ్రా సైజులో అంకె రొమ్ముల కింద పట్టీది, అక్షరం రొమ్ముల నిండుదనానిది. మోయాల్సింది కింది పట్టీ. భుజాల మీద గాట్లు పడుతున్నాయంటే కింది పట్టీ వదులై, బరువంతా భుజాల మీద పడుతోందని అర్థం. అంకెను పెంచుకుంటూ పోతే ఆ బాధ తగ్గదు, పెంచాల్సింది చాలాసార్లు అక్షరాన్ని.

ఐదున్నర మీటర్ల లెక్క

"చీర అందరికీ సరిపోతుంది" అంటారు. సరిపోతుంది, కానీ అందరికీ ఒకేలా కాదు. ఆరు గజాల చీర అంటే సుమారు ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క ఉంటే మరో 80 సెంటీమీటర్లు. మనం కట్టే తీరులో చీర ఒంటి చుట్టూ ఇంచుమించు రెండుసార్లు తిరుగుతుంది. పిరుదుల కొలత 38 ఉన్నామెకూ 48 ఉన్నామెకూ తేడా పది అంగుళాలు. రెండు చుట్లకు ఇరవై, అంటే అర మీటరు. ఐదు అంగుళాల వెడల్పున్న కుచ్చిలి ఒక్కొక్కటి పది అంగుళాల గుడ్డ తీసుకుంటుంది. కాబట్టి లావుగా ఉన్నామెకు రెండు కుచ్చిళ్ళు తగ్గుతాయి, లేదా పైట అర మీటరు పొట్టి అవుతుంది. నడిచేటప్పుడు అడుగు పట్టేయడం, కొంగు మోకాళ్ళ దాకా రాకపోవడం వెనక ఉన్నది ఈ కూడికలు, తీసివేతలే. ఎనిమిది, తొమ్మిది గజాల చీరలు కట్టిన మన ముత్తవ్వలకు ఈ చిక్కు లేదు.

దీనికి సులువైన మందు ఒకటుంది. చాలా చీరల్లో జాకెట్టు ముక్క లోపలి కొసన ఉంటుంది. దాన్ని కోయకండి. జాకెట్టు వేరే గుడ్డతో కుట్టించుకుని ఆ ముక్కను చీరతోనే ఉంచి లోపల దోపుకోండి. పోయిన అర మీటరు తిరిగి వస్తుంది, ఇంకో జానెడు మిగులుతుంది కూడా. నేతగాళ్ళ దగ్గర చెప్పి నేయించుకునే వీలుంటే పొడవు పెంచి అడగవచ్చు.

లోపలి లంగా పొట్ట కింద కడితే చీర మాటిమాటికీ జారుతుంది, పొట్ట దాని మీద వాలుతుంది. బొడ్డు మట్టానికి కడితే చీర పొట్ట మీదుగా ఒకే వాలున కిందికి దిగుతుంది. లంగాకు నడుము చుట్టూ కుచ్చులు పోసి ఉంటే అక్కడే రెండు అంగుళాల లావు అదనంగా చేరుతుంది. పైన సాఫుగా ఉండి కిందికి వెడల్పయ్యేలా ముక్కలు అతికి కుట్టిన లంగా నడుము దగ్గర పల్చగా ఉంటుంది.

ఇక బొందు. ఇది అందానికి సంబంధించిన విషయం కాదు, అంతకన్నా ముఖ్యమైనది. చీర జారకుండా సన్నటి బొందును ఏళ్ళ తరబడి ఒకే చోట బిగించి కడితే చర్మం నల్లబడి, దళసరెక్కి, పుండుపడుతుంది. మానకుండా ఉండిపోయిన అలాంటి పుండు అరుదుగా చర్మ క్యాన్సరుగా మారుతుంది. మహారాష్ట్రలోని వార్ధా, బిహార్‌లోని మధుబని వైద్యులు ఇలాంటి ఇద్దరు వయసుమళ్ళిన స్త్రీల కేసులను 2024లో వైద్య పత్రిక బీఎంజే కేస్ రిపోర్ట్స్‌లో ప్రచురించారు. ధోవతి ముడి దగ్గర మగవాళ్ళకు కూడా ఇలాంటిదే వస్తుందని మన దేశపు వైద్యులు 1945లోనే రాశారు. కాబట్టి బొందుకు బదులు రెండు అంగుళాల వెడల్పున్న పట్టీ కుట్టించుకోండి, పక్కన హుక్కులు పెట్టించుకోండి. నడుము మీద నెలల తరబడి మానని పుండుంటే పసుపు రాసి ఊరుకోకుండా చర్మవైద్యులకు చూపించండి.

వేసవిలో తొడలు ఒరుసుకుని మంటపుట్టే బాధ గురించి కూడా ఎవరూ మాట్లాడరు. మోకాళ్ళ పై దాకా వచ్చే నూలు షార్ట్స్ ఒకటి చీర కిందో చుడీదార్ కిందో వేసుకుంటే ఆ బాధ తీరుతుంది.

బట్ట వాలు

జార్జెట్, షిఫాన్ ఒంటికి అంటుకుని వాలుతాయి కాబట్టి లావును తగ్గించి చూపిస్తాయని చెప్తారు. మే నెల విజయవాడలో పాలియెస్టర్ జార్జెట్ కట్టుకున్నవారికి తెలుస్తుంది అది ఎంత నిజమో. చెమటకు వీపుకీ పొట్టకీ అతుక్కుని, దాచాలనుకున్న ప్రతి మడతనూ గీసి చూపిస్తుంది. రెండో కొసన ఆర్గంజా, టిష్యూ, గంజి దట్టంగా పెట్టిన కొత్త నూలు ఉన్నాయి. అవి ఒంటికి దూరంగా నిలబడతాయి. కుచ్చిళ్ళు విచ్చుకుని పొట్ట ముందు బుట్టలా తయారవుతాయి.

కావాల్సింది ఈ రెండిటికీ మధ్య రకం: ఒంటిని పట్టుకోకుండా, ఒంటికి దూరంగా నిలబడకుండా, తన బరువుతో తాను కిందికి దిగే గుడ్డ. మన నేతల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పల్చటి నూలును బరువైన పట్టంచు కిందికి లాగి నిలబెడుతుంది, కుచ్చిళ్ళు తిన్నగా దిగుతాయి. మంగళగిరి నూలు నాలుగైదు ఉతుకుల తర్వాత మెత్తబడి చక్కగా ఒదుగుతుంది, ఒళ్ళంతా సాదాగా ఉండి అంచు దగ్గరే జరీ ఉండటం వల్ల చూపు చెదరదు. వెంకటగిరి సన్న నూలు, ఉప్పాడ జాందానీ తేలిక. కుర్తీలకు రేయాన్, మల్లు అనే పల్చటి మెత్తటి నూలు, ఉతికి మెత్తబడిన లినెన్ మంచివి. దుకాణంలో తెలుసుకోవడం సులువు: గుడ్డ కొస పట్టుకుని మీటరు దాకా కిందికి వదలండి. కర్రలా నిలబడితే వద్దు, నీటిధారలా సన్నబడిపోతే లైనింగ్ ఉంటేనే కొనండి.

గంజి పెట్టిన నూలు చీర నాకు ప్రాణం. దాన్ని పూర్తిగా మానేయమని నేను ఎవరికీ చెప్పను. గంజి పల్చగా పెట్టి, కుచ్చిళ్ళను ఇస్త్రీతో అణచి, పైటను మడతలుగా పెట్టి భుజపు ఎముక మీద పిన్ను పెడితే అది ఇచ్చే హుందాతనం ఏ జార్జెట్ ఇవ్వదు.

చారలు, నలుపు

చివరికి అందరూ మొదట చెప్పే సంగతి. అడ్డచారలు లావుగా చూపిస్తాయన్నది గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే దీనికి ఎదురు గమనించాడు: ఒకే కొలత ఉన్న రెండు చదరాలలో అడ్డగీతలున్నది ఎత్తుగా, సన్నగా కనిపిస్తుంది. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయంలో పీటర్ థాంప్సన్ బృందం 2011లో మనుషుల బొమ్మల మీద పరీక్షించినప్పుడు కూడా అడ్డచారల బొమ్మే సన్నగా తోచింది. అయితే 2013లో జపాను పరిశోధకులు ఇంకాస్త లోతుకు వెళ్ళారు. సన్నటి బొమ్మల మీద కనిపించిన ఆ ప్రభావం లావు బొమ్మల మీద నిలవలేదు. అంటే పాత నమ్మకమూ నిలవదు, దాన్ని తలకిందులు చేసి "అడ్డచారలే వేసుకోండి" అనే కొత్త సలహా కూడా మనకు పనికిరాదు. పోచంపల్లి ఇక్కత్‌లో మీకు అడ్డగళ్ళు ఇష్టమైతే నిశ్చింతగా కట్టుకోండి.

నలుపుకు కొంత పస ఉంది. వెలుతురైన వస్తువు చీకటి వస్తువు కన్నా పెద్దదిగా తోచడం కంటి స్వభావం. దానికన్నా పెద్ద కారణం, నల్ల గుడ్డ మీద ముడతల నీడలు కనిపించవు. అంటే కుదరని బట్టలో కుదరనితనాన్ని నలుపు దాచిపెడుతుంది. కుదిరిన బట్టకు ఆ సాయం అక్కర్లేదు. పసుపు, మామిడి చిగురు రంగు, గులాబీ, ఏదైనా కట్టుకోవచ్చు. మన చామనఛాయ మీద ఆ రంగులు వెలిగినంతగా నలుపు వెలగదని కూడా నాకు అనిపిస్తుంది.

ఆ నీలం కుర్తీని ఆ రోజు కొన్నాం. ఇంటికి తెచ్చి చేతులు విప్పాను. రెండు వైపులా భుజం దగ్గర అంగుళంన్నర కోశాను, మెడకు వెనక చిన్న మడత వేశాను, చేతులను మోచేతి కిందికి కత్తిరించి, అలా మిగిలిన ముక్కతోనే చంక కింద నలుచదరం అతికాను. పక్క చీలిక పైకి పెంచాను. లోపలి గుడ్డ చూస్తే కుట్టు పక్కన పావు అంగుళం కూడా వదల్లేదు. అందుకే అప్పటి నుంచి టైలరుకు ఇచ్చే ప్రతి బట్టకూ పక్కకుట్టు లోపల ఒకటిన్నర అంగుళం వదలమని చీటీ మీద రాసి పిన్ను పెడుతున్నాను. అమ్మ పెట్టెలో ఉన్న పట్టు జాకెట్లకు అలాగే ఉండేది. వాటిని లోపలి వైపు తిప్పి చూస్తే పక్కన మూడు వరుసల కుట్టు రంధ్రాలు కనిపిస్తాయి: పెళ్ళినాటిది, మేము పుట్టాక విప్పి కుట్టినది, యాభై ఏళ్ళు దాటాక కుట్టినది. మూడోదాని దారం రంగు కొంచెం తేడా.